వినోదశాలలు మూతపడిన దినము
(1939 సెప్టెంబరు 3 — బ్రిటను నగరములు)

దేశచరిత్రను వ్రాయువారు రాజులను, యుద్ధములను, శాసనములను వెదకుదురు. వానితోపాటు పాత వార్తాపత్రికలలో నాటి వినోదముల పట్టికను గూడ చూడవలెనని నా యభిప్రాయము. ఏ యూరిలో ఏ నాటక మాడినది, ఏ సభలో ఎవరు పాడిరి, టిక్కెట్టు వెల యెంత యను ఆ చిన్న యక్షరముల పట్టిక, సామాన్యజనుల సాయంకాలము లెట్లు గడచెనో చెప్పును. బ్రిటను చరిత్రలో అట్టి పట్టికలన్నింటిలోను మిక్కిలి ఆలోచింపదగినది, వ్రాయుట కేమియు లేకపోయిన యొక దినపు పట్టిక. అది 1939 సెప్టెంబరు 3, ఆదివారము.

ఆ పట్టిక అంతకుముం దెంత నిండుగా నుండెడిదో మొదట చెప్పవలెను. అప్పటికి ఆ దేశపు జనసంఖ్య నాలుగున్నర కోట్లకు మించినది. వారమునకు సుమారు 1 కోటి 90 లక్షల సినిమా టిక్కెట్లు అమ్ముడగుచుండెను. లండనులో క్వీన్సు హాలునందు 1895 నుండి సర్ హెన్రీ వుడ్ గారు ఏటేట వేసవి సంగీతోత్సవమును నడుపుచుండిరి. అచట నిలుచుండి వినువారికి టిక్కెట్టు చౌక. మాంచెస్టరులో హాలే వాద్యబృందము 1858లో పుట్టి మూడు తరముల శ్రోతలను పెంచెను. లివర్‌పూలులో పాత సంగీతశాల కాలిపోగా కట్టిన క్రొత్త ఫిల్‌హార్మోనిక్ హాలు ఆ జూను నెలలోనే తెరవబడెను. గోడల తడి యారకముందే యుద్ధము వచ్చెను.

సెప్టెంబరు 1 శుక్రవారమున జర్మను సేనలు పోలండులో ప్రవేశించెను. బి.బి.సి. వారి టెలివిజను, అప్పటికి నిండ మూడేండ్లైన లేని పసిబిడ్డ, ఆ మధ్యాహ్నము ఒక మిక్కీ మౌస్ బొమ్మల చిత్రమును చూపి ఆగిపోయెను. ఆ రాత్రి క్వీన్సు హాలులో బెతోవెను కృతులు వినిపించిన పిమ్మట వుడ్ గారి ఉత్సవము అర్ధాంతరముగ ముగిసెను. బి.బి.సి. వాద్యకారులు బ్రిస్టలు నగరమునకు తరలిరి. నేషనల్ గాలరీలోని వర్ణచిత్రములు అంతకు పది దినముల ముందునుండియే రైళ్లలో వేల్సు ప్రాంతమునకు పోవుచుండెను. శనివారమున ఫుట్‌బాలు పోటీలు జరిగినవి గాని, వాని వరుస యంతటితో రద్దయ్యెను.

ఆదివారము ఉదయము 11 గంటల 15 నిమిషములకు ప్రధానమంత్రి చేంబర్లేను యుద్ధము ప్రారంభమైనదని రేడియోలో చెప్పెను. ఆ ప్రసంగము వెనువెంటనే ప్రభుత్వ ప్రకటనలు చదువబడెను. సినిమాశాలలు, నాటకశాలలు, ఇతర వినోదస్థలములు తక్షణము మూయబడవలెను. అందొక్కదానిపై బాంబు పడినను ఎందరో ఒక్కమారుగ చత్తురు. క్రీడల కొరకును జనులు గుమిగూడరాదు. చర్చిలు మొదలగు ఆరాధనస్థలములు మాత్రము మూయబడవు. ఈ కడపటి వాక్యమును పాఠకులు గమనింతురు గాక. బాంబునకు గుడియు నాటకశాలయు ఒక్కటే. అయినను, గుడి లేక జనులుండలేరని ఏలినవారికి తెలిసినది. నాటకము లేక యుండగలరని వారు తలచిరి.

ఆదివారములందు అచ్చటి నాటకశాలలు మామూలుగనే తెరవబడవు. కావున శాసనపు బరువు సోమవారము సాయంకాలమున గాని తెలియలేదు. ఆ రాత్రి లండను, గ్లాస్గో, బర్మింగ్‌హాము, కార్డిఫ్ అన్నియు ఒక్కతీరుగ నుండెను. బయటికి వెలుగు పొక్కరాదను బ్లాకౌటు నియమము అంతకు మూడు రాత్రుల క్రిందనే వచ్చెను. పిల్లలు పల్లెలకు పంపబడిరి. చీకటి వీధులు, మూసిన తలుపులు, ఇంట రేడియో. ఆ రేడియోలోనైనను వార్తల నడుమ శాండీ మాక్‌ఫర్సన్ అను విద్వాంసుడు ఒంటరిగ వాయించు ఆర్గను నాదమే ఎక్కువగా వినబడుచుండెను. ఆ మొదటి వారములలో ఆయన పడిన శ్రమ గొప్పదే. కాని విసిగిన శ్రోతలును చాలమంది యుండిరి.

ఇట్టి శాసనము చేసినవారిని మూఢులని కొట్టివేయుట న్యాయము గాదు. యుద్ధము వచ్చినచో మొదటి 60 దినములలోనే బాంబుల వలన 6 లక్షలమంది చత్తురని 1937లో ప్రభుత్వ నిపుణులు లెక్కగట్టి యుండిరి. యుద్ధమంతయు ముగియునప్పటికి ఆ దేశమున మరణించిన పౌరులు సుమారు 60 వేలు. ఆరేండ్లలో పదవ వంతు; అదియును తక్కువ దుఃఖము గాదు. కాని 1939లో ఆ రెండవ అంకె యెవ్వరికిని తెలియదు గదా. బెర్నార్డు షా మాత్రము ఊరకుండలేదు. రెండు దినములలో టైమ్సు పత్రికలో ఆయన లేఖ పడెను. సెలవుపై వచ్చు సైనికుడు చీకటి నగరములో ఏమి చేయవలెనని ఆయన ప్రశ్న. నటులను, గాయకులను సైన్యములో చేర్చక వారి పని వారిని చేయనిండని ఆయన కోరిక. లేఖలో కోపపు పాలెక్కువ. అయినను ప్రశ్న సరియైనది.

వారము తిరుగునప్పటికి, ప్రమాదము తక్కువయని తలచిన ఊళ్లలో సినిమాశాలలు తెరువనిచ్చిరి. ఆ నెల నడుమ పెద్ద నగరములలోను అనుమతి వచ్చెను. అయినను చీకటి యున్నది. రాత్రి యిల్లు చేరుట కష్టము. కళలకు అనాదిగా అలవాటైన సాయంకాలము పోయెను గనుక, వానికి వేరొక వేళ వెదకవలసి వచ్చెను. ఆ వేళను కనుగొన్నవారిలో ముఖ్యురాలు మైరా హెస్ అను పియానో విదుషీమణి.

ఆమె లండనులోని యూదు కుటుంబమున 1890లో పుట్టినది. చిత్రములు తరలిపోయి బోసిగా నిలిచిన నేషనల్ గాలరీలో అప్పుడప్పుడు మధ్యాహ్న కచేరీలు చేయవచ్చునా యని ఆమె గాలరీ అధ్యక్షుడైన కెన్నెత్ క్లార్కు నడిగెను. అప్పుడప్పుడేల, ప్రతిదినము చేయుడని ఆయన బదులు పలికెను. 1939 అక్టోబరు 10 మంగళవారము మధ్యాహ్నము ఒంటిగంటకు మొదటి కచేరీ. టిక్కెట్టు ఒక షిల్లింగు. నలువదిమందో యేబదిమందో వత్తురని అనుకొనగా, ఇంచుమించు వేయిమంది వచ్చిరి. కుర్చీలు చాలక నేలపై కూర్చుండిరి, గోడల కానుకొని నిలుచుండిరి. భోజనవిరామమున ఆఫీసుల నుండి వచ్చిన గుమాస్తాలు, సైనికులు, నర్సులు. వారికై తరువాత గాలరీలోనే యొక ఉపాహారశాల వెలసెను; దాని శాండ్విచ్చులు కచేరీలతో సమానముగ పేరు పొందెను.

ఇచట నేను కొంచె మాగి చెప్పవలసిన దొకటి కలదు. ఆ మొదటి దినమున ఆమె వాయించిన వానిలో బాఖ్, బెతోవెను, షూబర్టు, బ్రామ్సు కృతులు గలవు. అందరును జర్మను భాష మాటలాడినవారే. అంతకు పాతికేండ్ల ముందు, మొదటి ప్రపంచయుద్ధ కాలమున, జర్మను సంగీతము వలదని ఇంగ్లండులో పెద్ద అలజడి జరిగినది. ఈసారి హిట్లరుతో పోరుచున్న నగరపు నడిబొడ్డున, ఒక యూదు స్త్రీ బెతోవెనును వాయించుచుండగా వేయిమంది లండను జనులు కదలక వినిరి. పాలకుని తప్పునకు భాషను దండింపరాదని వా రెవ్వరును ఉపన్యసింపలేదు. పొరుగు రాష్ట్రమున తెలుగు చెప్పుకొని బ్రతుకు నావంటి ఉపాధ్యాయునకు ఆ నిశ్శబ్దము మీద మనసు నిలుచుట సహజము.

బాంబులు నిజముగా పడిన 1940–41లో ఆ కచేరీలు గాలరీ నేలమాళిగకు దిగెను. ఒకమారు పేలని బాంబు ఆవరణలో నుండుటచే ప్రక్కనున్న దక్షిణాఫ్రికా భవనమున జరిగెను. సోమవారము మొదలు శుక్రవారము వరకు, 1946 ఏప్రిలు 10 దాక, మొత్తము 1,698 కచేరీలు. వినినవారు 8 లక్షల 24 వేలకు పైబడినవారు.

మనవారిలో పెద్దలకు ఈ భయము తెలియనిది కాదు. 1942 ఏప్రిలు 6న విశాఖపట్టణము, కాకినాడలపై జపాను విమానములు బాంబులు వేసెను. ఆ నెలలోనే మదరాసు నుండి వేలకొలది కుటుంబములు మూటముల్లెలతో తరలిపోయెను. ఇక నేటి తరమువారికి 2020 మార్చి 16 జ్ఞాపక ముండును. మహమ్మారి వలన లండను నాటకశాలలు ఆ సాయంకాలము మరల మూతపడెను, కొలది దినములలో మన బడులును మూతపడెను. కష్టకాలమున మొదట మానుకొనదగినది పాటయా యను ప్రశ్న ఏ సంఘమునకైనను ఎప్పుడో యొకప్పుడు వచ్చును. ఈ యేడు ఉగాది సభ జరుపుదుమా మానుదుమా యని మన సంఘములు వాదించుకొను రాత్రులలో నుండెడిదియు అదే ప్రశ్న.

బ్రిటనులో దానికి వచ్చిన జవాబు విచిత్రమైనది. మూయుమన్న ప్రభుత్వమే కొలది నెలలలో కళలకు డబ్బిచ్చెను. 1940 జనవరిలో పిల్‌గ్రిమ్ ట్రస్టు అను ధర్మనిధి 25 వేల పౌనులతో ఒక సంఘమును నెలకొల్పగా, ప్రభుత్వము తానును సొమ్ము చేర్చెను. ఆర్థికశాస్త్రవేత్త కీన్సు 1942లో దాని కధ్యక్షుడయ్యెను; 1946లో అదియే ఆర్ట్సు కౌన్సిలుగా మారెను. దీని ఫలము లండనుకంటె ఇతర స్థలములకే యెక్కువ దక్కినదని నా తలంపు. సిబిల్ థార్న్‌డైకు 1940లో వేల్సు బొగ్గుగనుల యూళ్లలో మాక్బెతు నాటకమాడెను. లండనులోని ఓల్డువిక్ నాటక సమాజము తన మకామును నూలుమిల్లుల బర్న్‌లీ పట్టణమునకు మార్చుకొనెను. అంతవరకు పెద్ద నటుల పేర్లను పత్రికలలో మాత్రమే చూచినవారి ముంగిటికి వారే నడచి వచ్చిరి.

బ్రిస్టలులో 1766 నాటి రాయల్ థియేటరు గిడ్డంగిగా మారబోవుచుండగా పౌరులు చందాలెత్తి నిలిపిరి. అది 1943 మేలో మరల తెరవబడెను. క్వీన్సు హాలునకు ఆ భాగ్యము లేదు. 1941 మే 10 రాత్రి అది కాలి కూలెను. వుడ్ గారి ఉత్సవము ఆ వేసవిలోనే ఆల్బర్టు హాలునకు మారి నేటికిని అచటనే జరుగుచున్నది. మాంచెస్టరులో ఫ్రీ ట్రేడు హాలు 1940 డిసెంబరులో శిథిలమయ్యెను. 1943 జూనులో బార్బిరోలి న్యూయార్కు విడిచి హాలే బృందమును చేపట్టుటకు వచ్చునప్పటికి అందు మిగిలినవారు ఇరువదిమందికి కొంచె మెక్కువ. ఆయన నెల దినములు పగలు రేయి పరీక్షలు జరిపి, స్త్రీలను, పిల్లలను, దొరికిన వారినెల్ల చేర్చుకొనెను. వేణువు కొరకు బడిలో చదువుకొను బాలుని గూడ తీసికొనెను. జులై 5న బ్రాడ్‌ఫర్డులో ఆ క్రొత్త బృందము మొదటి కచేరీ చేసెను.

యుద్ధము ముగిసిన రెండేండ్లకు, 1947 ఆగస్టు 24న, ఎడింబరో నగరమున అంతర్జాతీయ కళోత్సవము మొదలయ్యెను. నాజీల వలన వియన్నా విడిచిన బ్రూనో వాల్టరు తన పాత వాద్యబృందమును అచట మరల కలిసికొనెను. పిలుపు లేకయే ఎనిమిది నాటక సమాజములు వచ్చి, దొరికిన చోటుల తమ యాటలాడిపోయెను. ఆ పిలువని యతిథుల సంతతియే నేటి ఫ్రింజి ఉత్సవము. అందు ప్రతి ఆగస్టులోను మూడు వేలకు మించిన ప్రదర్శనలు జరుగుచున్నవి; వాని పట్టిక పత్రికలోని యొక మూల కిమడక, లావుపాటి పుస్తకముగ అచ్చగుచున్నది.