లండను యాత్రకు మన కారణములు

అన్నవరమున రత్నగిరిమీద సత్యదేవుని గుడి వెలసినది 1891లో. వ్రతమునకై ఆ కొండ నెక్కు కుటుంబములు దూరభారములు లెక్కింపవు. లండను పేరెత్తినచో మాత్రము అది ధనికుల విలాసమని తలంతుము. ఆ నగరమును ప్రేమించుటకు మనకు వేఱు కారణములున్నవి.

సముద్రయానము దోషమా కాదా యని మన పెద్దలు వాదులాడుచుండగనే, అమరావతి స్తూపశిల్పములు 1859లో మదరాసునుండి ఓడ నెక్కి లండను చేరినవి. వానికెవ్వరును ప్రాయశ్చిత్తము విధింపలేదు! 1880 మొదలు అవి బ్రిటిషు మ్యూజియములో నున్నవి. మిగిలినవానిలో పెక్కు చెన్నపట్టణమున నున్నవి. కృష్ణాతీరపు ఉలిపనిని, ఆ పూర్ణకుంభములను, ఏనుగులను, నగలు దాల్చిన స్త్రీమూర్తులను చూచుటకు అంతదూరము పోవలసివచ్చుట మనకు కష్టముగనే యున్నది. అవి ఇల్లు చేరవలెనని కోరుదము. కాని చూచి కోరుదము.

మఱియు బ్రౌనుదొర. రాజమహేంద్రవరమునను కొలువు చేసి, వేమన పద్యములను 1829లో అచ్చొత్తించి, 1852లో నిఘంటువును వెలువరించి, 1855లో ఆయన స్వదేశమునకు మరలెను. లండను యూనివర్సిటీ కాలేజీలో తెలుగు పండితపదవి నధిష్ఠించి, 1884లో ఆ నగరముననే కన్నుమూసెను. సమాధి కెన్సల్ గ్రీను శ్మశానమున నున్నది. ఆ పేరుగల స్టేషనులో రైలు దిగి నడచి పోవచ్చును.