సింథసైజింగ్: టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్

బొంబాయి సినీ వాద్యకారుడు చరణ్‌జిత్ సింగ్ (1940–2015) పది హిందుస్తానీ రాగాలను డిస్కో దరువు మీద వాయించిన ఆల్బమ్. 1982లో గ్రామఫోన్ కంపెనీ ఆఫ్ ఇండియా విడుదల చేసింది. సినిమా పాటల వాద్య రికార్డులు అంతకుముందే తెచ్చినా, ఎలక్ట్రానిక్ నృత్య సంగీతంలో ఆయనకు ఇదే తొలి అడుగు.

వాడినవి రోలాండ్ కంపెనీ యంత్రాలు. దరువుకు టీఆర్-808, రాగానికి జూపిటర్-8, మంద్ర స్వరాలకు టీబీ-303. ఈ టీబీ-303లో ఒక స్వరం నుంచి మరో స్వరానికి జారే ఏర్పాటుంది. అది మన జారు గమకాన్ని అచ్చంగా తలపిస్తుంది. ఆల్బమ్ ప్రాణం అక్కడే ఉంది.

తిరుపతి, చిత్తూరు శ్రోతలకు ఈ రాగాలు పరాయివి కావు. మాల్కౌంస్ మన హిందోళం, కళావతి మన వలజి. బైరాగి మన రేవతికి సాటి. అన్నమయ్య ‘నానాటి బతుకు’ కచేరీల్లో వినిపించేది ఆ రేవతిలోనే. భైరవి దగ్గర మాత్రం జాగ్రత్త: పేరు ఒకటే అయినా, హిందుస్తానీ భైరవి స్వరాలు మన తోడివి.

అప్పట్లో ఆల్బమ్ అమ్ముడుపోలేదు. డచ్ సేకర్త ఎడో బౌమన్ 2010లో మళ్లీ విడుదల చేశాకే, షికాగో యాసిడ్ హౌస్ అనే నృత్య సంగీత శైలికి పేరు తెచ్చిన ‘యాసిడ్ ట్రాక్స్’ (1987) కన్నా ఇది ఐదేళ్లు ముందుదని లోకం గుర్తించింది. డెబ్బై దాటిన వయసులో సింగ్ యూరప్ వేదికలపై ఈ రాగాలను మళ్లీ వాయించారు.