పాత తుపాకికి క్రొత్త గది

అమెరికాలో 1930లో వెలువడిన 22 హార్నెట్ తూటా చిన్న జంతువుల వేటకు ప్రసిద్ధి కెక్కినది. దాని ఇత్తడి తొడుగు ముందునకు పోను పోను సన్నగిలును. అందుచే మందు పట్టు చోటు తక్కువ. 1940లో లైల్ కిల్‌బోర్న్ అను పనివాడు దీనికొక ఉపాయము పన్నెను. గొట్టమును మార్పక, దాని మొదట తూటా నిలుచు గదిని మాత్రమే తొలిచి, గోడలను నిటారుగా తీర్చి, మెడ దగ్గరి వాలును నిక్కబెట్టెను. అంగడిలో దొరకు పాత తూటానే అందు పేల్చగా, ఒత్తిడికి ఇత్తడి సాగి క్రొత్త గది రూపమును తానే దాల్చెను! ఆ తొడుగున మరికొంత మందు పట్టెను. గుండు వేగము హెచ్చెను. కాని, చోటు పెరిగినంత మాత్రమున ఉక్కు బలము పెరుగదు. హద్దు మీరి మందు కూరినచో తుపాకి పగిలి వేటగానికే ముప్పు వాటిల్లును. గదిని పెంచిన చేయి కొలతను మరువరాదని ఈ చరిత్ర వలన మేము గ్రహించితిమి.