ఎగరక ముందే పుట్టిన ఈక

కోడిని కోసినప్పుడు మెడ మొదట్లో, రొమ్ముకు పైభాగాన, పంగలకర్ర ఆకారంలో సన్నటి ఎముక ఒకటి బయటపడుతుంది. మనకు విడివిడిగా ఉండే రెండు కాలర్ బోన్లు పక్షిలో ఇలా ఒక్కటిగా అతుక్కున్నాయి. ఎగిరే పక్షి రెక్కను కిందికి కొట్టినప్పుడు ఈ ఎముక వెడల్పుగా సాగి, పైకెత్తినప్పుడు మళ్లీ దగ్గరికొస్తుంది. చూసినవాళ్లెవరికైనా ఇది ఎగరడం కోసమే పుట్టిందనిపిస్తుంది. కానీ ఈ ఎముకా, ఈకలూ, మడతపడే మణికట్టూ అన్నీ నేల మీద పరిగెత్తే జంతువుల్లో ముందే ఉన్నాయి. ఎగరడం ఆ తర్వాతి సంగతి. పక్షుల పుట్టుకలో అసలు ఆశ్చర్యం ఇదేనని నేననుకుంటాను. దీన్ని ఒప్పుకోవడానికి శాస్త్రానికి నూరేళ్లకు పైగా పట్టింది.

జర్మనీలోని బవేరియాలో, లితోగ్రఫీ ముద్రణ కోసం సున్నపురాయి తవ్వే సోల్న్‌హోఫెన్ ప్రాంతంలో దొరికిన ఒక విడి ఈక, ఈకలున్న ఒక అస్థిపంజరం సంగతి 1861లో లోకానికి తెలిసింది. దానికి ఆర్కియోప్టెరిక్స్ అని పేరు పెట్టారు. వయసు దాదాపు 15 కోట్ల ఏళ్లు. ఈకలు పక్షివే, కానీ నోట్లో పళ్లు, చేతులకు గోళ్లున్న మూడేసి వేళ్లు, వెనక ఎముకలతో సాగిన పొడవాటి తోక ఉన్నాయి. జీవశాస్త్రవేత్త థామస్ హక్స్‌లీ దాన్ని కాంప్సోగ్నాథస్ అనే చిన్న డైనోసార్ పక్కన పెట్టి చూసి, పక్షులకూ డైనోసార్లకూ చుట్టరికం ఉందన్నాడు. 1926లో గెర్హార్డ్ హైల్మన్ తన పుస్తకంలో దీనికి గట్టిగా అడ్డుచెప్పాడు. ఆయన వాదన ఇది: రెండుకాళ్ల మాంసాహార డైనోసార్లకు, అంటే థెరోపాడ్లకు, కాలర్ బోన్లు లేవు. పరిణామంలో ఒకసారి పోయిన అవయవం తిరిగి రాదు. కాబట్టి పక్షులు అంతకంటే పాత సరీసృపాల నుంచి వచ్చి ఉండాలి. తర్కంలో లోపం లేదు, లోపమంతా చేతికి అందిన ఎముకల్లోనే ఉంది. అంత సన్నటి ఎముకలు శిలాజాలుగా మిగలడమే అరుదు. పైగా 1924లో వర్ణించిన మంగోలియా ఓవిరాప్టర్‌లో ఆ పంగ ఎముక ఉండనే ఉంది, దాన్ని వేరే ఎముకగా పొరబడ్డారు. తర్వాత టైరనోసారస్‌తో సహా ఎన్నో థెరోపాడ్లలో అది దొరికింది.

దారి మళ్లించినవాడు యేల్ విశ్వవిద్యాలయపు జాన్ ఆస్ట్రమ్. 1964లో అమెరికాలోని మోంటానాలో దొరికిన డైనోనికస్ అనే డైనోసార్ మణికట్టులో అర్ధచంద్రాకారపు ఎముక ఒకటి ఆయన కంటపడింది. దాని వల్ల చెయ్యి పక్కకు మడతపడుతుంది. డైనోనికస్ దాంతో ఎరను పట్టింది, పిచ్చుక అదే మడతతో రెక్క ముడుచుకుంటోంది. ఇక 1996లో చైనాలోని లియావోనింగ్ నుంచి సైనోసారోప్టెరిక్స్ అనే డైనోసార్ వెలుగుచూసింది. ఒంటినిండా నూగు పోగులే తప్ప రెక్కల్లేవు. ఆ వెంటనే వచ్చిన కాడిప్టెరిక్స్‌కు చేతుల మీదా తోక మీదా నిజమైన ఈకలున్నాయి. కాకి రెక్క ఈకను చేతిలోకి తీసుకుంటే నడిమి కాడ ఒక పక్కకు జరిగి ఉంటుంది: గాలిని కోసే వైపు సన్నం, వెనక వైపు వెడల్పు. కాడిప్టెరిక్స్ ఈకలో రెండు వైపులూ సమానం, చేతులేమో పొట్టివి. అది ఎగరలేదు. 2012లో వర్ణించిన యూటిరానస్ సుమారు తొమ్మిది మీటర్ల పొడవు, టన్నుకు పైగా బరువు, అయినా పోగుల్లాంటి ఈకలు కప్పుకుని ఉంది. ఈక పని ఎగరడమే అయితే అంతటి జంతువు ఒంటి మీద దానికేం పని? ఒంటి వేడి నిలుపుకోవడం, జతను ఆకట్టుకోవడం, గుడ్లు పొదగడం లాంటి అవసరాలే ముందుండాలి. మంగోలియాలో గూటి మీద చేతులు పరిచి కూర్చున్న భంగిమలోనే సిటిపటి అనే డైనోసార్ శిలాజం దొరికింది కూడా.

సగం రెక్కతో ప్రయోజనమేమిటన్న ప్రశ్న డార్విన్ కాలం నుంచీ ఉంది. దానికి బతికున్న పక్షులే జవాబిచ్చాయి. మోంటానాలో కెన్ డయల్ అనే శాస్త్రవేత్త చుకార్ అనే పక్షి పిల్లలను గమనించాడు. ఇంకా ఎగరలేని ఆ కూనలు చిన్న రెక్కలు ఆడిస్తూ, కాళ్లకు పట్టు పెంచుకుని, ఏటవాలు చెట్టు మానులెక్కేస్తాయి. డైనోసార్లు కచ్చితంగా ఇలాగే చేశాయని ఇది రుజువు కాదు, సగం రెక్క వృథా కాదని మాత్రం రుజువు.

ఇంకో అభ్యంతరం కాలానిది. లియావోనింగ్ డైనోసార్లు దాదాపు 12.5 కోట్ల ఏళ్లవి, ఆర్కియోప్టెరిక్స్ వాటికన్నా పాతది. తాత మనవడి కంటే చిన్నవాడెలా అవుతాడని అడిగారు. వాటిని తాతలని ఎవరూ అనలేదు, దాయాదులు మాత్రమే. పైగా 2009లో వెలుగుచూసిన ఆంకియోర్నిస్ సుమారు 16 కోట్ల ఏళ్లది, దానికీ ఈకలున్నాయి. వేళ్ల వాదం ఇంతకంటే గట్టిది. థెరోపాడ్లకు మిగిలినవి ఒకటి, రెండు, మూడో వేళ్లు. కోడి పిండంలో అవి రెండు, మూడు, నాలుగో చోట్ల మొలుస్తున్నట్టు కనిపిస్తాయి. 2011లో జపాన్‌లోని తొహోకు విశ్వవిద్యాలయం వాళ్లు పిండంలో కణాల జాడ పట్టి చూస్తే, రెక్కలోని చివరి వేలు నాలుగో వేలిని తయారుచేసే కణాల నుంచి రావడం లేదని తేలింది.

ఎగరడం చెట్ల మీంచి దూకుతూ మొదలైందా, నేల మీంచి లేస్తూ మొదలైందా అన్నది ఇంకా తెగలేదు. ఒకే దారి అన్న నమ్మకాన్ని 2015లో వర్ణించిన యీ చీ బాగా కదిలించింది. ఒంటి మీద ఈకలున్న ఈ చిన్న డైనోసార్‌కు మణికట్టు నుంచి పొడవాటి పుల్ల ఎముక సాగి, గబ్బిలానికి ఉన్నట్టు చర్మపు పొర ఉంది. ఈకలుండీ పొరతో గాలిలోకి వెళ్లిన ఆ వంశం అంతరించిపోయింది. ఈకనే రెక్కగా మలచుకున్న వంశంలో ఇప్పుడు పదివేలకు పైగా జాతులున్నాయి.