ఫ్లైట్ డిస్పాచర్ తొలి ఉద్యోగం: గోదావరి జిల్లాల దళిత విద్యార్థులు తెలుసుకోవాల్సిన విషయాలు

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. ఆ రోజు విశాఖ, విజయవాడ, రాజమండ్రి విమానాలు పెద్దసంఖ్యలో రద్దయ్యాయి. ఏ విమానం కదలాలి, ఏది ఆగాలి, దారి మళ్లితే ఎక్కడ దిగాలి, అందుకు ఎంత ఇంధనం కావాలి అని లెక్కగట్టే వాళ్లు విమానాశ్రయంలో మనకు కనబడరు. వాళ్లలో ముఖ్యమైన ఉద్యోగి ఫ్లైట్ డిస్పాచర్.

రాజమండ్రిలో ఒక డిగ్రీ కాలేజీ హాస్టల్లో ఉద్యోగావకాశాల గురించి మాట్లాడుతున్నప్పుడు కోనసీమ నుంచి వచ్చిన ఒక బీఎస్సీ విద్యార్థి ఫోన్‌లో ఓ ప్రకటన చూపించాడు. కొన్ని నెలల కోర్సు, సర్టిఫికెట్, 'వంద శాతం ప్లేస్‌మెంట్ సహాయం'. "అన్నా, అమ్మ పుస్తెలు తాకట్టు పెట్టి కడదామంటోంది. కోర్సు అయిపోతే ఉద్యోగం ఇస్తారా?" అని అడిగాడు. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు జవాబు. ఇప్పటికే సర్టిఫికెట్ చేతిలో పెట్టుకుని తొలి ఉద్యోగం కోసం తిరుగుతున్నవాళ్ల కోసం కూడా.

డిస్పాచర్ పని ఏమిటి

హైదరాబాద్ నుంచి మధురపూడికి వచ్చే విమానాన్నే తీసుకుందాం. అది బయల్దేరే ముందు డిస్పాచర్ రెండు ఊళ్ల వాతావరణ నివేదికలు, రాబోయే గంటల అంచనాలు చూస్తారు. రన్‌వే, లైట్లు, నావిగేషన్ పరికరాల్లో ఏవైనా పనిచేయడం లేదేమో తెలిపే నోటీసులు (వీటినే నోటామ్‌లు అంటారు) చదువుతారు. ప్రయాణికులు, సరుకు బరువును బట్టి విమానం ఎంత ఇంధనంతో లేవగలదో చూస్తారు. మధురపూడిలో దిగడం కుదరకపోతే విశాఖా, విజయవాడా, వెనక్కి హైదరాబాదా అన్నది ముందే నిర్ణయిస్తారు. గమ్యానికి కావాల్సిన ఇంధనం, ప్రత్యామ్నాయ విమానాశ్రయానికి వెళ్లే ఇంధనం, అనుకోని ఆలస్యాలకు అదనం, చివరగా ఎట్టి పరిస్థితిలోనూ ముట్టకూడని నిల్వ, ఇలా విడివిడిగా లెక్క ఉంటుంది. జెట్ విమానానికి ఆ చివరి నిల్వ 30 నిమిషాలు ఎగరడానికి సరిపోవాలి. విమానం గాలిలో ఉన్నంతసేపూ డిస్పాచర్ గమనిస్తూ పైలట్‌కు సమాచారం అందిస్తుంటారు.

అమెరికాలో షెడ్యూల్డ్ విమానసంస్థల్లో విమానం బయల్దేరడానికి పైలట్, డిస్పాచర్ ఇద్దరూ చట్టప్రకారం బాధ్యులు. మన దేశంలో తుది నిర్ణయం పైలట్‌దే. అయినా ఆ నిర్ణయానికి కావాల్సిన లెక్కలన్నీ డిస్పాచర్ బల్ల మీదే తయారవుతాయి. ఈ పనికి కావాల్సింది గణితం, భౌతికశాస్త్రం, వాతావరణ శాస్త్రం, స్పష్టమైన ఇంగ్లీషు, ఒత్తిడిలో తప్పు చేయని అలవాటు. ఎత్తు, రంగు, 'పర్సనాలిటీ' దీనికి అవసరం లేదు.

సర్టిఫికెట్ వేరు, ఆమోదం వేరు

అన్నిటికన్నా ముందు తెలుసుకోవాల్సింది ఇదే. మన దేశంలో పైలట్ లైసెన్సులాగా, ఉద్యోగం ఉన్నా లేకపోయినా జేబులో పెట్టుకుని తిరిగే డిస్పాచర్ లైసెన్సు లేదు. ఉన్నది డీజీసీఏ నిబంధనల కింద వచ్చే ఆమోదం. అది విమానసంస్థ ద్వారానే వస్తుంది. సంస్థ ముందు ఉద్యోగంలోకి తీసుకుంటుంది, ఆమోదిత సిలబస్ ప్రకారం శిక్షణ ఇస్తుంది, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో పనిచేయిస్తుంది, ఆ తర్వాతే పరీక్ష, ఆమోదం. ఏ రకం విమానం మీద శిక్షణ పొందారన్నదీ లెక్కే. ఏటీఆర్ మీద పనిచేసిన వ్యక్తి ఎయిర్‌బస్‌కు మారాలంటే మళ్లీ శిక్షణ కావాలి.

అంతర్జాతీయ పౌరవిమానయాన సంస్థ ఐకావో ప్రమాణాలు చూస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. డిస్పాచర్‌కు కనీసం 21 ఏళ్లు ఉండాలి. దరఖాస్తుకు ముందు 6 నెలల్లో కనీసం 90 పనిదినాలు డిస్పాచర్ పర్యవేక్షణలో పనిచేసి ఉండాలి. ఈ 90 రోజులు తరగతి గదిలో దొరకవు. విమానసంస్థ లోపలే దొరుకుతాయి. వరుసగా 12 నెలలు పనికి దూరమైతే మళ్లీ అర్హత నిరూపించుకోకుండా బాధ్యతలు ఇవ్వకూడదన్నది కూడా ఐకావో ప్రమాణమే.

కాబట్టి ప్రైవేటు సంస్థ ఇచ్చే సర్టిఫికెట్ 'ఈ విషయాలు చదివాను' అని చెబుతుంది, అంతే. ఇంటర్వ్యూలో అది పనికి రావచ్చు. దాంతో ఏ విమానాన్నీ డిస్పాచ్ చేయలేరు. పుస్తెలు తాకట్టు పెట్టే ముందు శిక్షణ సంస్థను నాలుగు ప్రశ్నలు రాతపూర్వకంగా అడగండి. ఈ కోర్సుకు డీజీసీఏ ఆమోదం ఉందా, ఉంటే ఆ కాగితం ఏది? గత బ్యాచ్‌లో ఎంతమంది ట్రైనీ డిస్పాచర్లుగా చేరారు, ఏ సంస్థల్లో? మధ్యలో మానేస్తే ఫీజు తిరిగిస్తారా? 'ప్లేస్‌మెంట్ సహాయం' అంటే ఏం చేస్తారు? గల్ఫ్ వీసా పేరుతో ఏజెంట్లు చేసిన మోసాలు మన జిల్లాల వాళ్లకు కొత్త కాదు. రాసివ్వని మాటకు డబ్బు కట్టకూడదని అక్కడ నేర్చుకున్న పాఠం ఇక్కడా వర్తిస్తుంది.

అమెరికా సర్టిఫికెట్ సంగతి

డాలస్ లాంటి చోట్ల ఉన్న మన పిల్లలు కొందరు ఎఫ్‌ఏఏ డిస్పాచర్ కోర్సు గురించి అడుగుతుంటారు. అక్కడ ఇది నిజమైన ప్రభుత్వ సర్టిఫికెట్. ఆమోదిత కోర్సు కనీసం 200 గంటలు. రాతపరీక్షలో 80 ప్రశ్నలు, 3 గంటలు, 70 శాతం రావాలి. తర్వాత మౌఖిక, ప్రాక్టికల్ పరీక్ష. రాతపరీక్షకు 21 ఏళ్లు, సర్టిఫికెట్‌కు 23 ఏళ్లు నిండాలి. అమెరికా పౌరసత్వం అక్కర్లేదు.

కానీ సర్టిఫికెట్‌కు పౌరసత్వం అక్కర్లేకపోయినా ఉద్యోగానికి పని అనుమతి కావాలి. వృత్తి కోర్సులకు ఇచ్చే ఎం-1 వీసాలో చదివిన ప్రతి 4 నెలలకు 1 నెల చొప్పున, ఎంత చదివినా 6 నెలలకు మించకుండా మాత్రమే పని శిక్షణ దొరుకుతుంది. కొద్ది వారాల కోర్సుకు అప్పు చేసి వెళ్తే అక్కడ ఉద్యోగంలో నిలబడే దారి దాదాపు లేనట్టే. ఆ సర్టిఫికెట్‌తో తిరిగొచ్చినా ఇక్కడి విమానసంస్థ శిక్షణ, ఆమోదం మళ్లీ తప్పవు.

ఉద్యోగాలు ఎక్కడున్నాయి

మధురపూడి రన్‌వే 1,750 మీటర్ల నుంచి 3,165 మీటర్లకు పెరిగింది. ఒకప్పుడు ఏటీఆర్ లాంటి చిన్న విమానాలే వచ్చే చోటికి 2024 డిసెంబరులో ముంబయి, ఢిల్లీ నుంచి ఎయిర్‌బస్‌లు మొదలయ్యాయి. ఇది చూసి మన ఊళ్లోనే డిస్పాచర్ ఉద్యోగాలొస్తాయని అనుకోవద్దు. డిస్పాచ్ పని ఇప్పుడు విమానసంస్థల కేంద్ర నియంత్రణ కార్యాలయాల్లో జరుగుతుంది. ఇండిగో, ఎయిర్ ఇండియాలవి గురుగ్రామ్‌లో ఉన్నాయి. అంటే ఇంటర్వ్యూకు ఢిల్లీ ప్రయాణం, ఎంపికైతే అక్కడ గది అద్దె, శిక్షణ కాలంలో తక్కువ స్టయిపెండ్. మొదటి తరం విద్యార్థి ఆగిపోయేది చాలాసార్లు పరీక్షలో కాదు, ఈ ఖర్చుల దగ్గర.

తొలి ఉద్యోగం వెతికేటప్పుడు 'ఫ్లైట్ డిస్పాచర్' అన్న పేరొక్కటే చూడకండి. ట్రైనీ డిస్పాచర్, ఆపరేషన్స్ కంట్రోల్ అసిస్టెంట్, క్రూ షెడ్యూలింగ్, లోడ్ కంట్రోల్ ఉద్యోగాలకూ దరఖాస్తు చేయాలి. లోడ్ కంట్రోల్ అంటే విమానంలో బరువు, సమతూకం లెక్కగట్టే పని. అక్కడ ఏడాది, రెండేళ్లు చేసినవాళ్లకు లోపలి నుంచి డిస్పాచ్‌కు మారే అవకాశం బయటివాళ్లకన్నా ఎక్కువ.

ఏ సంస్థలో చేరుతున్నామన్నది కూడా చూడాలి. హైదరాబాద్ కేంద్రంగా 2015లో మొదలై రాజమండ్రికీ విమానాలు నడిపిన ట్రూజెట్ 2022లో ఆగిపోయింది. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్‌లో, గో ఫస్ట్ 2023 మేలో ఆగాయి. అలా ఆగినప్పుడు అనుభవజ్ఞులంతా ఒకేసారి మార్కెట్లోకి వస్తారు, కొత్తవాళ్ల అవకాశాలు తగ్గుతాయి. అందుకే శిక్షణ రికార్డులు, పర్యవేక్షణలో చేసిన పనిదినాల లెక్క, ఆమోద పత్రాల నకళ్లు ఎప్పటికప్పుడు మన దగ్గర పెట్టుకోవాలి.

రిజర్వేషన్ ఎక్కడ ఉంది, ఎక్కడ లేదు

ఎయిర్ ఇండియా 2022 జనవరి 27న టాటాల చేతికి వెళ్లింది. అంతవరకూ అది ప్రభుత్వ రంగ సంస్థ, నియామకాల్లో రిజర్వేషన్ ఉండేది. ఇప్పుడు దేశంలో పెద్ద విమానసంస్థలన్నీ ప్రైవేటువే. వాటిలో ఎస్సీ, ఎస్టీ రిజర్వేషన్ లేదు. ఎంతమంది దళితులు డిస్పాచర్లుగా ఉన్నారని సమాచార హక్కు చట్టం కింద వాటిని నేరుగా అడగడానికీ లేదు. టాటా గ్రూపుకు అఫర్మేటివ్ యాక్షన్ విధానం అంటూ ఒకటుంది. అది హక్కు కాదు, వాళ్లు తమకు తాము పెట్టుకున్న విధానం. అయినా ట్రైనీ డిస్పాచర్ల ఎంపికలో అది అమలవుతోందా అని విద్యార్థి సంఘాలు బహిరంగంగా అడగవచ్చు.

రిజర్వేషన్ ఉన్న దారులు ఇవి:

1. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియాలో జూనియర్ ఎగ్జిక్యూటివ్, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్. ఇది డిస్పాచర్ ఉద్యోగం కాదు, కానీ చదివే విషయాలు చాలావరకు ఒకటే. 2023లో 496, 2025లో 309 పోస్టులకు ప్రకటనలొచ్చాయి. గణితం, భౌతికశాస్త్రంతో బీఎస్సీ గానీ, ఏదో ఒక సెమిస్టర్‌లో ఆ రెండు సబ్జెక్టులూ ఉన్న ఇంజినీరింగ్ గానీ కావాలి. వయోపరిమితి 27, ఎస్సీ, ఎస్టీలకు 5 ఏళ్ల సడలింపు, దరఖాస్తు ఫీజు లేదు. మూలవేతనం 40,000 నుంచి మొదలు.

2. వాతావరణ శాఖలో సైంటిఫిక్ అసిస్టెంట్. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ 2022లో 990 పోస్టులకు ప్రకటన ఇచ్చింది. ఐకావో ప్రమాణాల్లో డిస్పాచర్ అర్హతకు లెక్కలోకి వచ్చే అనుభవాల్లో వాతావరణ నిపుణుల పని, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ పని రెండూ ఉన్నాయి.

3. అలయన్స్ ఎయిర్, ఏఐ ఎయిర్‌పోర్ట్ సర్వీసెస్. ఎయిర్ ఇండియా అమ్మకంలో ఇవి టాటాలకు వెళ్లలేదు, ప్రభుత్వ చేతిలోనే ఉన్నాయి. ఎక్కువగా నిర్ణీత కాలపు కాంట్రాక్టు ఉద్యోగాలు. భద్రత తక్కువైనా విమానాశ్రయం లోపల అనుభవం దొరుకుతుంది.

డిగ్రీలోనే పడే అడుగులు

ఆంధ్రప్రదేశ్‌లో 2023-24 నుంచి డిగ్రీలో సింగిల్ మేజర్ విధానం వచ్చింది. పాత ఎంపీసీ డిగ్రీలో గణితం, భౌతికశాస్త్రం కలిసే ఉండేవి. ఆ విధానంలో మేజర్ ఒకటి, మైనర్ ఒకటి విద్యార్థే ఎంచుకోవాలి. చేరేటప్పుడు ఎవరూ చెప్పక గణితం మేజర్‌గా, సంబంధం లేని మైనర్ తీసుకుంటే మూడేళ్ల తర్వాత అర్హత దగ్గరే ఆగిపోవచ్చు. ఈ రంగం వైపు చూస్తున్నవాళ్లు రెండు సబ్జెక్టులూ ఉండేలా ఎంచుకుని, మార్కుల మెమోల్లో అవి కనబడేలా చూసుకోవాలి.

కులధ్రువీకరణ పత్రం కేంద్ర ప్రభుత్వ నమూనాలో ముందే తీసుకోవాలి. క్రైస్తవంలోకి మారిన దళిత కుటుంబాలకు 1950 ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా దక్కదు. ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించిన కేంద్ర ఓబీసీ జాబితాలో వాళ్లున్నారు కాబట్టి ఆ పత్రమైనా సరైన నమూనాలో సిద్ధంగా ఉండాలి. ఈ వివక్ష మీద పోరాటం వేరు, దరఖాస్తు గడువు వేరు. రెండోది మన కోసం ఆగదు.

పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ గుర్తింపు పొందిన సంస్థలో, గుర్తింపు పొందిన కోర్సుకే వస్తుంది. ఏడాదికి 2.5 లక్షల ఆదాయ పరిమితి ఉంది. ఆ పథకంలో కమర్షియల్ పైలట్ శిక్షణకు చోటుంది. మరి డిస్పాచర్ శిక్షణకు ఎందుకు ఉండకూడదు? ఈ ప్రశ్న సంఘాలు ప్రభుత్వాన్ని అడగాలి. ఇంటర్వ్యూ ప్రయాణ ఖర్చు, గురుగ్రామ్‌లో మొదటి మూడు నెలల అద్దెకు సాంఘిక సంక్షేమ శాఖ సాయం కూడా అడగాల్సిందే. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీలో బ్యాక్‌లాగ్ పోస్టులెన్నో సమాచార హక్కు కింద అడిగితే చెప్పి తీరాలి. ఆ దరఖాస్తుకు పది రూపాయలు చాలు.

హాస్టల్లో అడిగిన ఆ తమ్ముడికి ఇదే చెప్పాను. పుస్తెలు తాకట్టు పెట్టొద్దు. బీఎస్సీ పూర్తి చెయ్యి, భౌతికశాస్త్రం వదలొద్దు, రోజూ ఒక గంట ఇంగ్లీషులో వాతావరణ నివేదికలు చదువు, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ పరీక్షకూ ట్రైనీ డిస్పాచర్ ఉద్యోగాలకూ ఒకే తయారీతో వెళ్లు. మంచి శిక్షణ సంస్థలు లేవని కాదు. కానీ ముందు ఉద్యోగం, తర్వాత ఆమోదం అన్నది ఈ రంగం నియమమైనప్పుడు, ముందే లక్షలు కట్టమనేవాళ్లను నిలదీసి అడిగే హక్కు మనకుంది.