రంగు మారిన రిబ్బను

చిన్నప్పుడు మాకు రిబ్బను అంటే జడే. స్కూలుకు వెళ్ళేముందు మా పిన్ని నన్ను మోకాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుని రెండు జడలు అల్లేది. చివర్లు పైకి మడిచి, చెవుల పక్కన పువ్వులా ముడి వేసేది. లాగి కడితే కనుబొమలు పైకి పోయేవి. అబ్బా అంటే, “సాయంత్రం దాకా నిలవాలి కదే” అనేది.

ఆవిడ పోయి పన్నెండేళ్ళయింది. రొమ్ములో గడ్డ. చేతికి తగిలిన తరవాత కూడా ఎనిమిది నెలలు ఎవరికీ చెప్పలేదు. చెప్పిన తరవాత మేం దాచాం. పలకరింపుకు వచ్చినవాళ్ళతో “కడుపులో పుండు” అన్నాం. అబద్ధమని వాళ్ళకీ తెలుసు, వాళ్ళకు తెలుసని మాకూ తెలుసు.

మొన్న అక్టోబరులో ఒక ఆదివారం పొద్దున్నే, రొమ్ము క్యాన్సర్ మీద అవగాహన కోసమంటూ హైదరాబాదులో జరిగిన ఒక నడకకు వెళ్ళాను. లోపలికి వెళ్తుండగానే ఓ అమ్మాయి నా చున్నీకి పిన్నీసుతో గులాబీ రంగు రిబ్బను ముక్క గుచ్చింది. నడక మొదలయ్యేలోపు బయట టీ కొట్టు దగ్గరికి వెళ్తే కొట్టాయన దానికేసి చూసి, “ఇవాళ మీటింగు ఎక్కడమ్మా?” అన్నాడు. గులాబీ ఒక పార్టీ రంగైన తెలంగాణలో ఒంటిమీద ఆ గుడ్డ కనబడితే రావలసిన ప్రశ్నే మరి. నవ్వొచ్చింది. టీ తాగుతూ ఫోనులో అసలీ ముక్క ఎక్కడిదీ, ఎవరు మొదట మడిచారూ అని చూసుకుంటూ పోతే, దాని మొదటి రంగు గులాబీ కాదని తేలింది.

కథ ఒక చెట్టు దగ్గర మొదలుపెట్టాలి. 1979 నవంబరులో టెహ్రాన్‌లోని అమెరికా దౌత్య కార్యాలయాన్ని ఇరాన్ విద్యార్థులు ముట్టడించి అక్కడివాళ్ళను బందీలుగా పట్టుకున్నారు. బందీల్లో బ్రూస్ లైంగెన్ అనే పెద్ద అధికారి ఉన్నాడు. ఆయన భార్య పెనీ మేరీల్యాండ్‌లోని తమ ఇంటి ముందున్న ఓక్ చెట్టుకు పసుపు రిబ్బను చుట్టింది. ఇంటికి తిరిగొచ్చే మనిషి కోసం చెట్టుకు పసుపు రిబ్బను కట్టడం గురించి 1973లో అమెరికా అంతా మోగిన పాట ఒకటుంది, అందులోంచి వచ్చిన ఆలోచన అది. రావిచెట్టుకు ముడుపు కట్టే మనకు ఇదేమీ వింతగా అనిపించదు. చూస్తుండగా ఊరూరా చెట్లకు పసుపు రిబ్బన్లు వెలిశాయి. 52 మంది బందీలు 444 రోజులకు ఇంటికొచ్చారు.

రిబ్బను చెట్టు మీంచి చొక్కా మీదికి దిగింది 1991లో. ఎయిడ్స్‌తో తోటి కళాకారులు రాలిపోతుంటే న్యూయార్క్‌లో ‘విజువల్ ఎయిడ్స్’ అనే బృందం ఎర్ర రిబ్బను తయారుచేసింది. ఆరంగుళాల ముక్క కత్తిరించు, నడిమికి మడిచి తిరగేసిన ‘వి’లా పట్టుకో, పిన్నీసుతో గుచ్చుకో. అంతే పని. దానిమీద తమ పేర్లు వేసుకోలేదు, హక్కులు రాయించుకోలేదు. ఆ ఏడాది టోనీ అవార్డుల వేదిక మీద నటుడు జెరెమీ ఐరన్స్ దాన్ని పెట్టుకుని కనిపించాడు. ఆ తరవాత ప్రతి బాధకూ ఒక రంగు రిబ్బను వచ్చేసింది. 1992ను న్యూయార్క్ టైమ్స్ ‘రిబ్బను సంవత్సరం’ అంది.

ఇక అసలు మనిషి. కాలిఫోర్నియాలో సిమీ వ్యాలీ అనే ఊళ్ళో షార్లెట్ హేలీ అనే 68 ఏళ్ళావిడ ఉండేది. వాళ్ళ నాయనమ్మో అమ్మమ్మో, ఆ తరం ఆవిడకు రొమ్ము క్యాన్సర్. తన అక్కచెల్లెళ్ళలో ఒకరికి అదే. చివరికి తన కూతురికీ అదే. మూడు తరాలు. ఆవిడ ఇంట్లో భోజనాల బల్ల మీద రిబ్బను చుట్ట పెట్టుకుని ముక్కలు కోసి మడవడం మొదలుపెట్టింది. రంగు పీచ్. ఆ పండు తెలియనివాళ్ళకు ఎలా చెప్పాలంటే, పూట గడిచి వడిలిన కనకాంబరం రంగు. ఒక్కో అట్టకు ఐదేసి రిబ్బన్లు గుచ్చేది. అట్ట మీద నాలుగు మాటలు అచ్చువేయించింది: జాతీయ క్యాన్సర్ సంస్థ ఏడాది బడ్జెట్ 180 కోట్ల డాలర్లు, అందులో క్యాన్సర్ రాకుండా చూడడానికి పోయేది 5 శాతమే, మన చట్టసభలనూ దేశాన్నీ నిద్ర లేపడానికి ఇది పెట్టుకోండి, అని ఆ మాటల సారాంశం.

వాటిని ఊళ్ళోని సూపర్‌మార్కెట్లో చేతికి చేతికి పంచింది. దేశంలో పేరున్న ఆడవాళ్ళకు ఉత్తరాలు రాసింది. అలా వేలకు వేలు పంచింది. ఎవరినీ ఒక్క పైసా అడగలేదు. నాకు ఇక్కడ కాసేపు ఆగబుద్ధేస్తుంది. ఆ అట్టమీద కన్నీళ్ళు లేవు. ధైర్యం చెప్పే మాటలు లేవు. ఉన్నది ఒక లెక్క, దానికింద ఒక నిలదీత. కూతురికి జబ్బు చేసిన తల్లి రాసిన అట్ట అది. మన ఊళ్ళో అయితే ఆ తల్లి గుడికి వెళ్ళి మొక్కుకునేది, ఆ తరవాత ఎవరికీ చెప్పొద్దని ఇంట్లోవాళ్ళకు ఒట్టు పెట్టేది. మేం చేసింది అదే కదా.

1992లో ‘సెల్ఫ్’ అనే మహిళా పత్రిక సంపాదకురాలు అలెగ్జాండ్రా పెనీ అక్టోబరులో రాబోయే రొమ్ము క్యాన్సర్ ప్రత్యేక సంచికకు ఏం చేయాలా అని చూస్తోంది. అంతకు ముందు ఏడాది ఆ సంచికకు అతిథి సంపాదకురాలిగా ఉన్నది ఎస్టీ లాడర్ సౌందర్య సామగ్రి కంపెనీ వారి కోడలు ఎవలిన్ లాడర్. ఆవిడకు కూడా అంతకుముందే రొమ్ము క్యాన్సర్ వచ్చి తగ్గింది. ఒక రిబ్బను చేసి, ఎస్టీ లాడర్ వాళ్ళ కౌంటర్లన్నిటిలో పంచుదామని ఇద్దరూ అనుకున్నారు. ఇంతలో సిమీ వ్యాలీ పెద్దావిడ సంగతి తెలిసింది. పత్రికవాళ్ళు ఫోన్ చేసి, మాతో కలవండి, మీ రిబ్బనును దేశమంతా తీసుకెళ్తాం అన్నారు. ఇంకెవరైనా అయితే ఎగిరి గంతేసేవాళ్ళే.

హేలీ ఒప్పుకోలేదు. మీది వ్యాపారం, నాది అది కాదు అని ఆవిడ అభ్యంతరం.

పత్రికవాళ్ళు లాయర్లను అడిగారు. రిబ్బను ఎవరి సొత్తూ కాదు, రంగు మార్చుకోండి, సరిపోతుంది అని సలహా వచ్చింది. మార్చుకున్నారు. గులాబీ రంగు ఖాయమయింది. ఆ 1992 శరదృతువులో ఎస్టీ లాడర్ కౌంటర్లలో 15 లక్షల రిబ్బన్లు పంచారు. ఒక్కోదానితో ఒక అట్ట కూడా ఇచ్చారు. ఈ అట్ట మీద ఉన్నది మాత్రం రొమ్మును ఎవరికి వారు ఎలా పరీక్షించుకోవాలో చెప్పే వివరం.

రెండు అట్టలూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. హేలీ అట్ట సర్కారును అడిగింది: డబ్బు ఎక్కడ పెడుతున్నారు? కొత్త అట్ట చదివే ఆడమనిషినే అడిగింది: నువ్వు చూసుకున్నావా? రెండోది పనికిరాని ప్రశ్న అని నేననను. మా పిన్ని చేతిలో ఆ రెండో అట్ట ఉండి ఉంటే ఆ ఎనిమిది నెలలు మిగిలేవేమో. ఎవలిన్ లాడర్‌ను కూడా తీసిపారేయకూడదు. పరిశోధనకు డబ్బు పెంచమంటూ 2 లక్షల సంతకాలు సేకరించి వైట్‌హౌస్‌కు పంపించిందావిడ. మరుసటి ఏడాది రొమ్ము క్యాన్సర్ పరిశోధనకే ఒక ఫౌండేషన్ పెట్టింది. 2011లో పోయింది, అండాశయ క్యాన్సర్‌తో. కానీ రంగుతోపాటు ప్రశ్న కూడా మారిపోయిందన్నది నిజం.

గులాబీ రంగే ఎందుకు? ఆడపిల్ల రంగు, మెత్తని రంగు, ఎవరినీ నొప్పించని రంగు. ఇంకో కారణం కూడా ఉంది, అప్పటికే ఆ రంగు ఆ చుట్టుపక్కల తిరుగుతోంది. సూసన్ కోమెన్ అనే ఆవిడ 1980లో 36 ఏళ్ళకే రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయింది. ఈ జబ్బు అంతు చూస్తానని చెల్లెలు నాన్సీ బ్రింకర్ అక్కకు మాటిచ్చింది. చేతిలో 200 డాలర్లూ, చెప్పుల డబ్బా నిండా తెలిసినవాళ్ళ పేర్లూ పెట్టుకుని 1982లో అక్క పేరుతో ఫౌండేషన్ మొదలుపెట్టింది. మరుసటి ఏడాది డల్లాస్‌లో పరుగు పెడితే 800 మంది వచ్చారు. ఆ పై ఏడాది నాన్సీకే ఆ జబ్బు బయటపడింది. జబ్బు నుంచి బయటపడి పరుగుకు వచ్చిన ఆడవాళ్ళకు 1990లో గులాబీ రంగు టోపీలు ఇచ్చారు. 1991లో న్యూయార్క్ పరుగులో గులాబీ రిబ్బన్లే పంచారు, కాకపోతే అప్పుడు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఆ పరుగుల్లో నాకు నచ్చిన ఆచారం వేరే ఉంది. వచ్చినవాళ్ళు వీపుకు ఒక కాగితం తగిలించుకుంటారు. ఎవరి జ్ఞాపకంగా పరిగెడుతున్నారో ఆ పేరు దానిమీద రాసి ఉంటుంది. వెనక వచ్చేవాళ్ళు ముందు నడిచేవాళ్ళ వీపుల మీద పోయినవాళ్ళ పేర్లు చదువుకుంటూ నడుస్తారు.

అక్టోబరు సంగతి చిన్నది. 1985లో అమెరికన్ క్యాన్సర్ సొసైటీ, ఐసీఐ అనే కంపెనీ మందుల విభాగం కలిసి ఈ అక్టోబరు అవగాహన ప్రచారాన్ని మొదలుపెట్టాయి. రొమ్ము క్యాన్సర్‌కు వాడే టమాక్సిఫెన్ మాత్ర అప్పట్లో ఆ కంపెనీదే. అర్థమయిందిగా.

రిబ్బనుకు యజమాని లేకపోవడం మొదట దాని బలం, తరవాత దాని జబ్బు. ఎవరైనా దేనిమీదైనా అచ్చువేసుకోవచ్చు. యోప్లే పెరుగు కంపెనీ గులాబీ మూతలు పెట్టి, తిన్నాక మూత కడిగి పోస్టులో పంపితే ఒక్కోదానికి 10 సెంట్లు విరాళమిస్తామంది. అంటే పది మూతలు కడిగి, కవరులో పెట్టి, స్టాంపు అంటించి పంపిస్తే ఒక డాలరు. 2010లో కేఎఫ్‌సీ వాళ్ళు వేయించిన కోడి ముక్కల్ని గులాబీ బకెట్లలో అమ్మి, బకెట్టుకు 50 సెంట్లు కోమెన్ ఫౌండేషన్‌కు ఇచ్చారు. క్యాన్సర్ పేరు చెప్పి నూనెలో వేయించిన మాంసం! శాన్‌ఫ్రాన్సిస్కోలో రోగులే పెట్టుకున్న ‘బ్రెస్ట్ క్యాన్సర్ యాక్షన్’ సంస్థ 2002 నుంచే దీనిమీద ధ్వజమెత్తింది. గులాబీ రంగు వేసిన వస్తువు కొనేముందు నాలుగు ప్రశ్నలు అడగమంది: ఇందులో ఎంత డబ్బు ఇస్తున్నారు, ఎవరికిస్తున్నారు, ఇచ్చేదానికి పరిమితి ఉందా, ఆ వస్తువులోనే జబ్బు తెచ్చే సరుకేమైనా ఉందా. హేలీ అట్ట మళ్ళీ పుట్టిందన్నమాట.

లెక్క ఎలా చూపించాలో తెలియాలంటే తపాలా బిళ్ళను చూడాలి. మామూలు ఉత్తరానికి 32 సెంట్లు ఉన్న రోజుల్లో, 1998 జూలైలో అమెరికా తపాలా శాఖ రొమ్ము క్యాన్సర్ పరిశోధన కోసం 40 సెంట్ల బిళ్ళ తెచ్చింది. ఎర్నీ బొడాయ్ అనే సర్జన్ కాళ్ళరిగేలా తిరిగి సాధించుకొచ్చాడు దాన్ని. విరాళం కలిపి అమ్మిన బిళ్ళ ఆ దేశంలో అదే మొదటిది. పైన వచ్చిన డబ్బులో 70 శాతం జాతీయ ఆరోగ్య సంస్థలకు, 30 శాతం రక్షణ శాఖ వైద్య పరిశోధనకు అని చట్టంలోనే రాశారు. ఇప్పటిదాకా 8 కోట్ల డాలర్లు దాటింది. మూత కడగక్కర్లేదు.

మనవాళ్ళకు గులాబీ రంగు బాగా తెలిసింది మాత్రం రిబ్బను వల్ల కాదు, క్రికెట్ వల్ల. ఆస్ట్రేలియా బౌలర్ గ్లెన్ మెక్‌గ్రాత్ భార్య జేన్ 2008లో 42 ఏళ్ళకు రొమ్ము క్యాన్సర్‌తో పోయింది. భార్యాభర్తలు కలిసి పెట్టిన ఫౌండేషన్ డబ్బు ముఖ్యంగా ఒక పనికి ఖర్చవుతుంది: రోగి పక్కన ఉండే నర్సుల్ని పెట్టడం. 2009 నుంచి ప్రతి జనవరిలో సిడ్నీ టెస్టు గులాబీ టెస్టు. స్టంపులు గులాబీ, మూడో రోజు జేన్ పేరు మీద, స్టాండ్లన్నీ గులాబీ. 2021లో మన కాకినాడ కుర్రాడు హనుమ విహారి తొడ కండరం పట్టేసి పరుగెత్తలేక, 161 బంతులు కాచుకుని 23 పరుగులతో అజేయంగా నిలబడి, అశ్విన్‌తో కలిసి మ్యాచ్‌ను డ్రా చేసింది ఆ టెస్టులోనే. ఆ రోజు టీవీలో స్టంపులు ఎందుకు గులాబీ రంగులో ఉన్నాయని మా ఇంట్లో పిల్లవాడు అడిగితే, నేను జేన్ సంగతి చెప్పాను. పిన్ని సంగతి చెప్పలేదు.

పోయినవాళ్ళ పేరు నిలబెట్టడానికి మనం రిబ్బను కోసం ఆగలేదు. ఎన్టీ రామారావు భార్య బసవతారకం 1985లో క్యాన్సర్‌తో పోయింది. అమెరికాలోని తెలుగు వైద్యులు చేయి కలపగా, 2000లో హైదరాబాదులో ఆవిడ పేరుతో క్యాన్సర్ ఆసుపత్రి తెరుచుకుంది. 2007లో బ్రిటన్ నుంచి తిరిగొచ్చిన సర్జన్ రఘురామ్, రొమ్ము క్యాన్సర్‌ను ఎదుర్కొన్న తల్లి ఉషాలక్ష్మి పేరు మీద ఫౌండేషన్ పెట్టాడు. అక్టోబరులో చార్మినార్ మీద గులాబీ దీపాలు పడడం ఈ ఊరికి అలవాటైంది ఆ తరవాతే. తల్లి బతికి ఉండగానే, జబ్బు పేరు దాచకుండా, ఆవిడ పేరు బోర్డెక్కింది. మా ఇళ్ళల్లో అది చిన్న సంగతి కాదు.

షార్లెట్ హేలీ 2014లో 91 ఏళ్ళకు కన్నుమూసింది. ఆవిడ తన పీచ్ రంగు రిబ్బనుకు ఎన్నడూ వెల కట్టలేదు.

ఆ ఆదివారం నడక మొదలయ్యేముందు, రిబ్బను గుచ్చిన అమ్మాయే మళ్ళీ కనిపించింది. దీంతోపాటు అట్టేమీ ఇవ్వలేదా అని అడిగాను. “లేదాంటీ, రిబ్బన్లే ఇచ్చారు మాకు” అంది. ఆమె చేతిలో తెల్లకాగితాల కట్ట, లావుపాటి మార్కర్ పెన్ను ఉన్నాయి. “ఎవరి కోసమైనా నడుస్తున్నారా? పేరు రాసివ్వండి, వెనక తగిలిస్తాను.”

కాగితాన్ని ఆమె వీపుకే ఆనించి పిన్ని పేరు ఇంటిపేరుతో సహా రాశాను. ఆ కింద ఇంకాస్త జాగా మిగిలింది. రొమ్ము క్యాన్సర్ అని కూడా రాశాను.