సైకిలు బాట: నగర వీధులలో తెగని తగవు

మోటారు వాహనాలు తిరిగే వీధిలో సైకిళ్ల కోసమే విడిచిపెట్టిన భాగాన్ని సైకిలు బాట అంటారు. రోడ్డు అంచున ఒక గీత గీసి, లోపల సైకిలు బొమ్మ వేసి వదిలివేసినది ఒక రకం. గీతతో పాటు ప్లాస్టిక్ గుంజలో, సిమెంటు దిమ్మెలో నాటి మోటారు వాహనాలు లోపలికి రాకుండా చేసినది రెండవ రకం. రోడ్డుకూ ఫుట్‌పాత్‌కూ నడుమ, రోడ్డు కంటే కొంత ఎత్తున వేరుగా నిర్మించినది మూడవది. ఈ మూడింటినీ ఒకే పేరుతో పిలుస్తున్నందువలన, వాదించుకునేవారు చాలాసార్లు వేరు వేరు వస్తువులను గురించి మాట్లాడుకుంటూ ఉంటారు. మొదటి రకం విఫలమైనప్పుడల్లా మూడవ రకం కూడా పనికిరాదని తీర్మానించడం ఇందువల్లనే జరుగుతున్నది.

పట్నపు వీధిలో గీసిన గీతతో పల్లెవారికి ఏమి పని అని అడగవచ్చు. సరిహద్దు జిల్లాలలో సైకిలు బడితో ముడిపడిన వస్తువు. తమిళనాడులో 2001-02లో షెడ్యూల్డు కులాల, తెగల బాలికలతో ఆరంభమైన ఉచిత సైకిళ్ల పంపిణీ తరువాతి కాలంలో ప్రభుత్వ, ఎయిడెడ్ పాఠశాలల ప్లస్‌వన్ విద్యార్థులందరికీ విస్తరించింది. కర్ణాటకలో 2006-07లో ఎనిమిదవ తరగతి పిల్లలకు సైకిళ్లివ్వడం మొదలైంది. ఒడిశాలోనూ ఇటువంటి పథకమే వచ్చింది. ఆ సైకిలెక్కి పక్క ఊరి హైస్కూలుకు వెళ్లిన పిల్లవాడే నాలుగైదేళ్లకు బాగేపల్లి నుంచో, పావగడ నుంచో, హోసూరు చుట్టుపక్కల పల్లెల నుంచో బెంగళూరు చేరుతాడు. కాపలా ఉద్యోగంలోనో, తాపీ పనిలోనో, కళాశాలలోనో కుదురుకుంటాడు. ఊళ్లో పది కిలోమీటర్లు అవలీలగా తొక్కినవాడు అక్కడ రెండు కిలోమీటర్లు తొక్కడానికి జంకుతాడు.

ఈ జంకు అకారణం కాదు. కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారు. వారిలో 4,800 మందికి పైగా సైకిలుపై వెళ్తున్నవారే. పాదచారులు 32,000 మందికి పైబడి ఉన్నారు.

2011 జనగణన వ్యవసాయేతర పనివారు పనికి ఎలా వెళ్తారో అడిగి నమోదు చేసింది. దాదాపు 2.6 కోట్ల మంది, అనగా నూటికి సుమారు 13 మంది, సైకిలుపై వెళ్తున్నట్లు తేలింది. అప్పటికి నూటికి 45 ఇళ్లలో సైకిలు ఉంది. తరువాత మోటారు సైకిళ్లు బాగా పెరిగినవన్నది నిజమే. అయినా ‘ఇప్పుడు సైకిలు ఎవరు తొక్కుతున్నారు’ అనే ప్రశ్న వేసేవారు ఉదయం ఆరు గంటలకు ముందు వీధిలోకి రానివారై ఉంటారు. పాలప్యాకెట్లు, దినపత్రికలు, రాత్రి విధులు ముగించుకున్న కాపలాదారులు ఆ వేళకే దారి సగం దాటి ఉంటారు.

విదేశాలలో ఈ తగవు పుట్టిన తీరు

సైకిళ్ల దేశంగా పేరుపొందిన నెదర్లాండ్స్ మొదటి నుంచీ అలా లేదు. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత అక్కడ కూడా కార్లు వెల్లువెత్తి, సైకిళ్లను వీధుల నుంచి నెట్టివేశాయి. 1971 ఒక్క సంవత్సరంలో ఆ చిన్న దేశంలో మూడు వేల మందికి పైగా రోడ్డు ప్రమాదాలలో చనిపోయారు. వారిలో నాలుగు వందలకు మించి పిల్లలే. ‘పిల్లల హత్య ఆపండి’ అనే నినాదంతో తల్లిదండ్రులు వీధులకెక్కారు. 1973 చమురు సంక్షోభం వారి మాటకు బలమిచ్చింది. నేడు అక్కడ కనిపించే బాటలు ఆ పోరాట ఫలితమే.

స్పెయిన్‌లోని సెవిల్ నగరం అనుభవం మన నగరాలకు ఇంకా దగ్గరగా ఉంటుంది. అది ఎండలు మండే ఊరు, సైకిలు అలవాటు దాదాపు లేని ఊరు. 2006 తరువాత అక్కడి పాలక సంఘం ఒక వీధితో ప్రయోగం చేసి చూద్దామనుకోలేదు. ఒకదానితో ఒకటి కలిసే 80 కిలోమీటర్ల రక్షిత బాటను ఒక్క ఊపున వేసింది. సైకిలు ప్రయాణాలు కొద్ది ఏళ్లలోనే అనేక రెట్లు పెరిగాయి.

అన్నిచోట్లా కథ ముందుకే నడవలేదు. కెనడాలోని ఆంటారియో రాష్ట్ర ప్రభుత్వం 2024లో, టొరంటోలోని మూడు ముఖ్య వీధులలో ఉన్న సైకిలు బాటలను తొలగించడానికి చట్టమే చేసింది. 2025 జూలైలో అక్కడి న్యాయస్థానం ఆ తొలగింపు పౌరుల ప్రాణ రక్షణ హక్కుకు విరుద్ధమని తీర్పు చెప్పింది.

మన నగరాలలో జరిగినది

ఢిల్లీలో అంబేద్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ వరకు సుమారు 5.8 కిలోమీటర్ల బస్సు మార్గం 2008లో ప్రారంభమైంది. నడుమ బస్సులు, వాటి పక్కన కార్లు, అంచున సైకిళ్లు, ఆ పక్కన పాదచారులు, ఇదీ ఏర్పాటు. కార్లకు మిగిలిన చోటు తగ్గడంతో మొదటి రోజు నుంచే రగడ మొదలైంది. వ్యవహారం హైకోర్టుకు ఎక్కింది. 2012 అక్టోబరులో న్యాయస్థానం ఆ పిటిషనును కొట్టివేసి మార్గాన్ని నిలిపింది. కానీ కోర్టు నిలిపినదాన్ని ప్రభుత్వం నిలపలేదు. 2016లో దానిని కూల్చివేశారు. ఆ మార్గంపై వచ్చిన విమర్శలలో కొన్ని సహేతుకమైనవే. సిగ్నళ్ల వద్ద నిరీక్షణ ఎక్కువ, ప్రయాణికులు బస్సెక్కడానికి రోడ్డు మధ్యకు నడిచిపోవాలి. సైకిలు బాటపై మాత్రం ప్రధానమైన ఫిర్యాదు ఒక్కటే, దానిలోకి మోటారు సైకిళ్లు దూరుతున్నాయని. బాట చెడ్డదని కాదు, దానిని కాపాడేవారు లేరని ఆ ఫిర్యాదుకు అర్థం. కూల్చేటప్పుడు ఈ తేడాను ఎవరూ పట్టించుకోలేదు.

బెంగళూరు జయనగర్‌లో 2012 ప్రాంతంలో వేసిన సైకిలు బాటలు కొద్దికాలంలోనే కార్లు నిలిపే స్థలాలుగా మారాయి. 2020లో కోవిడ్ వేళ, కేంద్ర గృహనిర్మాణ, పట్టణాభివృద్ధి మంత్రిత్వ శాఖ సైకిళ్లను ప్రోత్సహించే పోటీని నగరాల మధ్య పెట్టింది. 2021లో ఎంపికైన 11 నగరాలలో బెంగళూరు, భువనేశ్వర్, నాగపూర్‌లతో పాటు మన వరంగల్ కూడా ఉంది. ఆ రోజులలోనే బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డుపై సిల్క్ బోర్డు వైపు నుంచి కృష్ణరాజపురం దిశగా గుంజలు నాటి తాత్కాలిక సైకిలు బాటను ఏర్పాటు చేశారు. వాహనాలు గుద్ది చాలా గుంజలు విరిగాయి. తరువాత మెట్రో పనులు మొదలు కావడంతో బాట చాలావరకు కనుమరుగైంది. మెట్రో అవసరం కాదని ఎవరూ అనరు. అయితే రోడ్డుపై ఏదైనా కొత్త పని వచ్చినప్పుడు మొదట పోయేది ఫుట్‌పాత్, ఆ వెంటనే సైకిలు బాట. కార్ల వంతు చివరికి వస్తుంది.

ఒకనాడు సైకిళ్ల నగరమని పిలిపించుకున్న పుణెలో 2017లో నగరపాలక సభ 800 కిలోమీటర్లకు మించిన సైకిలు మార్గాల ప్రణాళికను ఆమోదించింది. కాగితం మీద దేశంలోనే పెద్ద ప్రణాళికలలో ఒకటి. అక్కడక్కడ నిర్మించిన బాటలు ఒక కూడలి వద్ద మొదలై, మరొక కూడలికి ముందే ట్రాన్స్‌ఫార్మరుకో బస్ షెల్టరుకో తగిలి ఆగిపోయేవన్న విమర్శ ఎంతో కాలంగా ఉంది.

హైదరాబాదు సంగతి వేరు. 2023 అక్టోబరు 1న ఔటర్ రింగ్ రోడ్డు వెంట 23 కిలోమీటర్ల సైకిలు బాట ప్రారంభమైంది. వెడల్పు 4.5 మీటర్లు. పైన 16 మెగావాట్ల సౌర ఫలకాల కప్పు. దక్షిణ కొరియాలో ఉన్న ఇటువంటి బాట దీనికి స్ఫూర్తి. నీడ, వెలుతురు, నున్నని నేల అన్నీ ఉన్నాయి. కాని అది నగరపు పడమటి అంచున ఉంది, అమీర్‌పేటలోనో కోఠీలోనో లేదు. వ్యాయామం కోసం కారులో సైకిలు తెచ్చుకునేవారికి అది వరమే. పనికి పోయే సైకిలు మాత్రం నగరం నడుమ బస్సుకూ ఆటోకూ మధ్య పూర్వంలాగానే సందు వెతుక్కుంటున్నది. ఉన్న బాటను తప్పుపట్టనక్కరలేదు గాని, దానిని చూపి ‘సైకిలువారికి చేయవలసినది చేశాము’ అనడం కుదరదు.

అభ్యంతరాలు, వాటి బరువు

దుకాణదారుల అభ్యంతరం మొదట వినబడుతుంది. కొట్టు ముందు బండి నిలపడానికి చోటు లేకపోతే బేరం పోతుందని వారి భయం. చిన్న వ్యాపారికి ఇది బతుకు సమస్య, కొట్టిపారేయరానిది. సరుకు దించుకోవడానికి వేళలు కేటాయించడం, పక్క వీధిలో బండ్లకు చోటు చూపడం వంటివి ముందే చేయకుండా రాత్రికి రాత్రి గుంజలు నాటితే వ్యతిరేకత తప్పదు.

బస్సులు, పాదచారులు ముందు, సైకిళ్లు తరువాత అనేది మరొక వాదన. ఇది చాలావరకు న్యాయమైనది. బస్సు ఎక్కేవారి సంఖ్య ఎక్కువ, నడిచేవారి మరణాలు ఎక్కువ. అయితే ఫుట్‌పాత్‌ను తగ్గించి సైకిలు బాట వేయాలని ఎవరైనా అంటే కదా తగవు! తీసుకోవలసినది కార్లు ఉచితంగా నిలుపుకుంటున్న స్థలం నుంచి. మద్రాసు నగరపాలక సంస్థ 2014లోనే నడకకూ సైకిలుకూ ప్రాధాన్యమిచ్చే విధానాన్ని ఆమోదించి, రవాణా నిధులలో పెద్ద వాటా వాటికే ఉండాలని చెప్పింది.

బాటలు ఖాళీగా ఉంటున్నాయి కదా అనే మాట అన్నిటికంటె తరచుగా వినబడుతుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1962లో ఇచ్చిన ప్రమాణాలలోనూ, రద్దీ వేళ గంటకు ఇన్ని సైకిళ్లు వస్తే బాట వేయవచ్చు అనే లెక్క ఉంది. వీధులన్నీ సైకిళ్లతో నిండిన ఆ కాలానికి అది సరిపోయింది. భయపెట్టి సైకిళ్లను వెళ్లగొట్టిన వీధిలో ఇప్పుడు ఆ లెక్క తీయడం, బడి లేని ఊళ్లో పలకలు లెక్కపెట్టి బడి అక్కర లేదనడం వంటిది.

బాట ఎందుకు చెడుతుంది

చెడడానికి కారణాలు చిన్నవి. గుంజల నడుమ ఎడం ఎక్కువైతే మోటారు సైకిలు దూరుతుంది, తక్కువైతే గ్యాసు సిలిండర్లు మోసే మూడు చక్రాల రిక్షా ఇరుక్కుంటుంది. పేవరు ఇటుకలు పరిస్తే కుదుపుకు తట్టుకోలేక సైకిలువారు మళ్లీ తారు రోడ్డు మీదికే వస్తారు. మురుగు కాలువ మూతలు లేచి ఉంటే చెప్పనక్కరలేదు. బస్ స్టాపు వద్ద బాటను స్టాపు వెనుక నుంచి తిప్పకపోతే, ఎక్కేవారూ తొక్కేవారూ ఢీకొంటారు.

కూడళ్ల వద్ద ప్రాణాపాయం పొంచి ఉంటుంది. మన దేశంలో వాహనాలు ఎడమ పక్కన నడుస్తాయి, సైకిలు బాటా ఎడమనే ఉంటుంది. నేరుగా పోయే సైకిలుకు అడ్డంగా లారీ ఎడమకు తిరుగుతుంది, ఆ పక్కనున్న సైకిలు లారీ డ్రైవరుకు కనబడదు. సిగ్నలు లేకుండా ఎడమకు తిరిగే సౌకర్యాన్ని అలాగే ఉంచి, కూడలి దాకా మాత్రమే అందమైన బాట వేస్తే, భద్రంగా తీసుకువచ్చి ప్రమాదపు చోట వదిలినట్లవుతుంది. నగరంలో పనివేళలకు వెళ్లే పిల్లలకు ఇంట్లో పెద్దలు చెప్పదగిన జాగ్రత్త కూడా ఇదే. ఎడమకు తిరుగుతున్న లారీ, బస్సుల ఎడమ పక్కకు ఎన్నడూ పోరాదు, వెనుకనే ఆగాలి.

చట్టం

ఒకప్పుడు మునిసిపాలిటీలు సైకిలుకు పన్ను వసూలు చేసి ఇత్తడి బిళ్ళ ఇచ్చేవి. దీపం లేకపోయినా, ఇద్దరు ఎక్కినా పోలీసు ఆపేవాడు. పాత తరంవారికి గుర్తే. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం సైకిలు మోటారు వాహనం కాదు, లైసెన్సు అక్కరలేదు. 2019 సవరణతో చేరిన 138(1ఎ) విభాగం, సైకిళ్లు, ఇతర మోటారు లేని బండ్లు, పాదచారుల విషయంలో నియమాలు చేసే అధికారాన్ని రాష్ట్ర ప్రభుత్వాలకు ఇచ్చింది. చాలాకాలం రాష్ట్రాలు దీనిని ముట్టుకోలేదు. 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ నియమాలను ఆరు నెలలలో రూపొందించవలసిందిగా ఆదేశించింది.

సైకిలుపై వెళ్తున్నవారిని ఏదైనా వాహనం గుద్దితే, ఆ వాహనపు బీమా నుంచి పరిహారం కోరే హక్కు ఉంది. గుద్దిన వాహనం ఆచూకీ తెలియని పక్షంలో, 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన కేంద్ర పథకం కింద మరణానికి 2 లక్షల రూపాయలు, తీవ్ర గాయానికి 50,000 రూపాయలు లభిస్తాయి. దరఖాస్తును ప్రమాదం జరిగిన చోటి తాలూకా లేక సబ్ డివిజను విచారణ అధికారికి ఇవ్వాలి, సొంత ఊరిలో కాదు. కనుక బెంగళూరులో ప్రమాదం జరిగితే కాగితాలు అక్కడే నడపాలి. పోలీసు ఫిర్యాదు ప్రతిని, ఆసుపత్రి పత్రాలను అక్కడి నుంచి తిరిగి వచ్చే ముందే తీసుకోవడం అవసరం.